ఒక్క వరుసలో పొలం గట్టు

మే నెలలో ఒక మధ్యాహ్నం, కైకలూరు దగ్గర చేపల చెరువులున్న రైతు ఒకాయన ఫోను చేశారు. "రాత్రి గాలి పూర్తిగా స్తంభించింది. తెల్లవారుజామున చేపలన్నీ నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. నేనే చూసుకుని ఏరేటర్లు వేశాను. ఇంత ఎండల్లో మీ దగ్గర నుంచి ఒక్క హెచ్చరికైనా రాలేదేమమ్మా?" అని అడిగారు. ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు, అందుకే ఆ ప్రశ్న నన్ను ఇంకా వదలలేదు.

అప్పట్లో మేము నలుగురం కలిసి చేపల చెరువులకు వాతావరణ హెచ్చరికలు పంపే చిన్న ప్రోగ్రాము నడుపుతుండేవాళ్లం. రైతు తన ఫోనులో పటం తెరిచి, చెరువు గట్టు వెంట వేలితో చుక్కలు పెడతారు. ఆ ఆకారాన్ని మేము ఒక వరుస పాఠంగా, అంటే ప్రోగ్రామింగులో స్ట్రింగ్ అనే దానిగా మార్చి దాచుకుంటాం. రోజూ ఆ పాఠాన్ని తిరిగి చదివి, చెరువు నడిమధ్య ఉష్ణోగ్రత ఎంత, గాలి ఎంత అని తెప్పించుకుంటాం. వేడి ఒక స్థాయి దాటి గాలి ఆగిపోతే నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది కాబట్టి రైతుకు సందేశం వెళ్లాలి. మొత్తం 34 చెరువులు. అప్పటికి 23 రోజులుగా ఒక్క సందేశం కూడా వెళ్లలేదు. ఎక్కడా పొరపాటు నమోదు కాలేదు. అన్నీ సవ్యంగా నడుస్తున్నాయనే తెర మీద కనిపిస్తోంది.

ఆ సాయంత్రం ఆయన చెరువు పాఠాన్ని తెరిచి, అక్షరం అక్షరం చదివాను. అది ఇలా మొదలవుతుంది: పాలిగాన్ ((16.552 81.213, 16.552 81.216, 16.549 81.216... చూడగానే తప్పేమీ కనిపించదు. కైకలూరు అక్షాంశం 16 చిల్లర, రేఖాంశం 81 చిల్లర. రెండూ ఉన్నాయి. కానీ డబ్ల్యూ.కె.టి. అనే ఈ రాత పద్ధతిలో ముందు రాయవలసింది రేఖాంశం. చదివే ప్రోగ్రాము నియమం ప్రకారమే చదివింది: తూర్పు రేఖాంశం 16, ఉత్తర అక్షాంశం 81. అది నార్వేకు చెందిన స్వాల్బార్డ్ దీవులకు ఇంకా ఉత్తరాన, ఆర్కిటిక్ సముద్రంలో ఉన్న చోటు. మే నెలలో కూడా అక్కడ గడ్డకట్టే చలి. 23 రోజుల పాటు మేము ఆ సముద్రపు వేడిని కొలిచి, కైకలూరు రైతుకు భయం లేదని తేల్చాం.

ఈ పొరపాటు కొత్తది కాదు. పటాలతో పనిచేసే ప్రతి ఒక్కరూ ఒకసారి చేసి ఉంటారు. కానీ మన ప్రాంతానికి దీనిలో ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. దాన్ని ఎవరూ చెప్పగా నేను వినలేదు. అక్షాంశం 90 దాటకూడదు కాబట్టి, చాలా ప్రోగ్రాములు ఆ ఒక్కటి సరిచూస్తాయి. టోక్యో రేఖాంశం 139 పైన. శాన్ ఫ్రాన్సిస్కో రేఖాంశం మైనస్ 122. ఆ ఊళ్ల వాళ్లు అంకెలు తారుమారు చేస్తే ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగిపోయి తప్పు చూపిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల రేఖాంశాలు దాదాపు 77 నుంచి 85 వరకు ఉంటాయి. అంటే మన నేలలో ఏ బిందువును తిరగేసినా అది చెల్లుబాటయ్యే బిందువే అవుతుంది. హైదరాబాదును తిరగేస్తే స్పిట్స్‌బర్గెన్ దీవిలో, లాంగ్‌యెర్బీన్ పట్టణానికి ఈశాన్యంగా తేలుతుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో కూర్చుని రాసిన పరీక్షలు మన పొరపాటును పట్టుకోలేవు.

పైగా మన భాష మనల్ని ఒక వైపుకు తోస్తుంది. మనం 'అక్షాంశ రేఖాంశాలు' అంటాం. బడిలో అలాగే నేర్చుకున్నాం. నోటికి ముందు వచ్చేది అక్షాంశం. ఫోనులో పటం చూపే సాధనాలు చాలావరకు బిందువును ఆ క్రమంలోనే ఇస్తాయి. గూగుల్ పటాల నుంచి వచ్చిన కుదింపు పద్ధతి, అంటే ఎన్‌కోడెడ్ పాలీలైన్, కూడా అక్షాంశాన్నే ముందు రాస్తుంది. డబ్ల్యూ.కె.టి., ఆకారాలు రాసే మరో పద్ధతి అయిన జియోజేసన్ మాత్రం రేఖాంశాన్ని ముందు పెడతాయి. ఇంకా చిక్కేమిటంటే, 4326 అనే అంకెతో అందరూ పిలుచుకునే నిర్దేశాంక వ్యవస్థ అధికారిక నిర్వచనంలో అక్షాంశమే ముందు. ఆచరణలో ఎక్కువ సాఫ్ట్‌వేర్లు రేఖాంశాన్నే ముందు రాస్తాయి. రెండు పక్షాలకూ తమ కారణాలు ఉన్నాయి. ఆ తగవు తీర్చడం నా పని కాదు. పాఠం తనంతట తాను ఏ క్రమంలో ఉందో చెప్పకపోవడమే నా ఫిర్యాదు.

నేను పట్టుబట్టి చెప్పదలచుకున్నది ఇదే. ఆకారాన్ని అక్షరాలుగా మార్చే ఆ ఒక్క వరుస కోడు చిల్లర పని కాదు. అక్కడ మనం ఒక దస్తావేజు రాస్తున్నాం. దాన్ని రాసిన ప్రోగ్రాము రేపు ఉండకపోవచ్చు, రాసిన మనిషి ఉద్యోగం మారిపోవచ్చు. పాఠం మాత్రం మిగులుతుంది. మిగిలినప్పుడు అది ఎవరి సాక్ష్యమూ లేకుండా తన కాళ్ల మీద తాను నిలబడాలి.

దస్తావేజు అనే మాట ఊరికే వాడలేదు. 1961లో మా తాతగారు కొన్న 1 ఎకరం 32 సెంట్ల పొలానికి మా ఇంట్లో కాగితం ఉంది. అందులో చెక్కుబందీ ఇలా ఉంటుంది: తూర్పు పంట కాలువ, దక్షిణం ఫలానా వారి భూమి, పడమర పుంత, ఉత్తరం తాటిచెట్ల గట్టు, ఈ నాలుగు హద్దుల మధ్య గల భూమి. పటం లేదు, బొమ్మ లేదు. ఆకారాన్ని పూర్తిగా అక్షరాల్లో చెప్పేశారు. దానికి క్రమం ఉంది: తూర్పుతో మొదలై, దక్షిణం, పడమర, ఉత్తరం. ప్రదక్షిణం చేసినట్టు. ఈ క్రమం తెలియని లేఖరి ఉండరు, అడిగే కొనుగోలుదారు ఉండరు. (జియోజేసన్ నియమావళి 2016లో బయటి వలయం అపసవ్య దిశలో రాయాలని నిర్ణయించింది. మన దస్తావేజుకు సరిగ్గా ఎదురు దిశ. అయినా కనీసం ఒక దిశ అంటూ నిర్ణయించినందుకు నాకు సంతోషమే.)

ఈ అలవాటు ఇంకా పాతది. తూర్పు చాళుక్యుల రాగి శాసనాల్లో దానం గురించిన పాఠం సంస్కృతంలో సాగినా, హద్దుల దగ్గరికి వచ్చేసరికి తెలుగు మాటలు కనిపిస్తాయి. గుంట, చెరువు, పుట్ట, చెట్టు. కారణం ఊహించడం కష్టం కాదు. గట్టు దగ్గర నిలబడి తగవు పడే మనిషి ఆ మాటలను గుర్తుపట్టాలి కదా. ఆకారాన్ని పాఠంగా రాసేటప్పుడు చదవబోయేది ఎవరో వాళ్లు ఆలోచించారు.

మా వృత్తిలో ఈ మాట అంటే వెంటనే వచ్చే జవాబు నాకు తెలుసు. "దాన్ని చదివేది యంత్రం. మనుషులు చదవవలసిన అవసరం ఏముంది?" మా జట్టులోనే నాకంటే అనుభవం ఉన్న ఒకరు ఇలా వాదించారు. డబ్ల్యూ.కె.టి. మానేసి అన్నింటినీ ఎన్‌కోడెడ్ పాలీలైనుగా దాద్దామన్నారు. పరిమాణం బాగా తగ్గుతుందని ఆయన మాట. అది నిజమే. ఆ పద్ధతి తెలివైనదని నేనూ ఒప్పుకుంటాను. 16.5 అనే అక్షాంశాన్ని తీసుకోండి. లక్షతో గుణిస్తే 1650000. రెట్టింపు చేస్తే 3300000. రుణ సంఖ్యల గుర్తు దాచుకోవడానికి ఈ రెట్టింపు. దాన్ని మళ్లీ మళ్లీ 32తో భాగించి శేషాలు వరుసగా రాసుకుంటే 0, 21, 22, 4, 3 వస్తాయి. ఇంకా ఉంది అని చెప్పడానికి చివరిది తప్ప మిగతావాటికి 32 కలపాలి. తర్వాత అన్నింటికీ 63 కలిపితే 95, 116, 117, 99, 66. ఈ ఐదు సంకేతాలకు ఐదు అక్షరాలు. అక్షాంశం మొత్తం ఐదు అక్షరాల్లో ఇమిడిపోయింది. తర్వాతి బిందువుకు పూర్తి విలువ అక్కరలేదు, ముందు బిందువుకూ దానికీ తేడా రాస్తే చాలు. దగ్గర దగ్గర బిందువులైతే ఒకటి రెండు అక్షరాలతో పని అయిపోతుంది. రోడ్డు మార్గాన్ని ఫోనుకు పంపడానికి ఇంతకంటే చక్కని ఉపాయం తేలికగా దొరకదు.

అయితే ఆ తేడాలోనే దాని బలహీనత కూడా ఉంది. ఒక్క బిందువు చెడితే దాని తర్వాతి బిందువులన్నీ దానితో పాటు జరిగిపోతాయి. ఒక్క అక్షరం రాలిపోతే లెక్క తప్పి, అక్షాంశం రేఖాంశంగా చదవబడవచ్చు. ఇది ఊహాగానం కాదు. ఈ పద్ధతి వాడే అక్షరాల్లో వెనక్కి వాలిన గీత గుర్తు ఒకటి ఉంది, దాని సంకేతం 92. ప్రోగ్రాములు సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే జేసన్‌లో ఆ గుర్తును రెండుసార్లు రాయాలి. ఎవరైనా ఆ రెండింటినీ అలాగే నకలు తీసి మరో చోట అతికిస్తే, గీత మధ్యలో ఉన్నట్టుండి ఎటో వెళ్లిపోతుంది. నేను స్వయంగా చూసిన ఒక మార్గం మచిలీపట్నం వెళ్లవలసింది పోయి బంగాళాఖాతంలోకి దిగింది. కారణం పట్టుకోవడానికి ఇద్దరికి ఒకటిన్నర రోజు పట్టింది, ఎందుకంటే ఆ పాఠాన్ని చూసి తప్పు ఎక్కడుందో మనిషి చెప్పలేడు. డబ్ల్యూ.కె.టి.లో ఒక అంకె చెడితే ఒక మూల మాత్రమే చెడుతుంది. అది కళ్లకు కనిపిస్తుంది. ఆర్కిటిక్ సముద్రంలో పడిన మా చెరువులను నేను ఒక్క సాయంత్రంలో ఒడ్డుకు తెచ్చుకోగలిగానంటే, ఆ పాఠం చదవగలిగేలా ఉండబట్టే. ప్రయాణంలో కుదించండి, దాచేటప్పుడు విప్పి రాయండి. పరిమాణం మీద బెంగ ఉంటే మామూలు కుదింపు సాధనాలు ఇలాంటి అంకెల పాఠాన్ని బాగానే తగ్గిస్తాయి.

ఇప్పుడు అంకెల సంగతి. దీని మీద నాకు పట్టుదల ఎక్కువ.

మా ప్రోగ్రాము ఒక చెరువు నడిమి బిందువును 81.21449999999999 అని రాసింది. దశాంశ బిందువు తర్వాత 14 అంకెలు. ఒక డిగ్రీ అక్షాంశం నేల మీద దాదాపు 111 కిలోమీటర్లు. ఆరో దశాంశ స్థానానికి వచ్చేసరికి అది 11 సెంటీమీటర్లు. పద్నాలుగోది మీటరులో వంద కోట్లవ వంతు. తడి బురద గట్టు మీద నిలబడిన రైతు ఫోను, ఆకాశం తేటగా ఉన్నప్పుడు కూడా, ఐదు మీటర్లు అటూ ఇటూగా చెబుతుంది. ఆయన వేలి మొన ఆ తెర మీద ఇంకొన్ని మీటర్లను కప్పేస్తుంది. అయినా మా పాఠం అణువుల స్థాయిలో తెలిసినట్టు ప్రమాణం చేస్తోంది. దస్తావేజులో '1 ఎకరం 32.00000000 సెంట్లు' అని రాస్తే రిజిస్ట్రారు కార్యాలయంలో ఎవరైనా నిలదీస్తారు. మనం మాత్రం రోజూ ఇలా రాస్తున్నాం, ఎవరూ నిలదీయరు. ప్రతి అదనపు అంకె ఒక సాక్ష్యం. కొలవనిది కొలిచినట్టు చెప్పే సాక్ష్యం.

సాధనాలు కూడా ఈ విషయంలో ఒక మాట మీద ఉండవు. ఆకారాలను దాచే డేటాబేస్ సాధనం పోస్ట్‌జిస్‌లో ఆకారాన్ని మామూలు పాఠంగా అడిగితే 15 అంకెల వరకు ఇస్తుంది, జియోజేసన్‌గా అడిగితే 9 దగ్గర ఆగుతుంది. పైథాన్‌లో ఆకారాల పనికి వాడే షేప్లీలో ఒకే ఆకారానికి ఒక దారిలో పూర్తి అంకెలు, మరో దారిలో 6 దశాంశ స్థానాలకు కుదించిన అంకెలు వస్తాయి. మనం ఏమీ నిర్ణయించకపోతే, ఎవరో మన తరఫున నిర్ణయించేస్తారు. ఇప్పుడు నేను చేతితో గీసిన గట్లకు ఐదు స్థానాలే రాస్తాను. ఐదో స్థానం అంటే మీటరు పైచిలుకు. ఆ మాత్రం కూడా ఎక్కువే అనిపిస్తుంది కొన్నిసార్లు.

ఇంతకంటే లోతైన లోపం మరొకటి ఉంది. డబ్ల్యూ.కె.టి. పాఠం ఈ అంకెలు ఏ కొలమానంలో, అంటే ఏ నిర్దేశాంక వ్యవస్థలో, ఉన్నాయో చెప్పదు. డిగ్రీలైతే కనీసం చూసి పోల్చుకోవచ్చు. మీటర్లలో ఉంటే ఆ వీలు కూడా ఉండదు. మీటర్ల లెక్కకు ఎక్కువమంది వాడే యు.టి.ఎం. పద్ధతి భూమిని 6 డిగ్రీల వెడల్పు పట్టీలుగా కోస్తుంది. 78 డిగ్రీల దగ్గర ఒక కోత, 84 దగ్గర మరొకటి. అనంతపురం 43వ పట్టీలో ఉంది, విజయవాడ 44లో, ఇచ్ఛాపురం 45లో. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే మూడు పట్టీలు. ప్రతి పట్టీలోనూ అవే అంకెలు మళ్లీ మొదలవుతాయి. అంటే పట్టీ పేరు రాయని ఒక పొలం పాఠం, దాదాపు 640 కిలోమీటర్ల ఎడంతో మూడు చోట్ల ఒకేలా సరిపోతుంది. ఇక పాత సర్వే పటాల నుంచి ఎత్తి రాసిన బిందువులు ఎవరెస్టు గోళాభం అనే పాత భూమి ఆకారపు లెక్క ప్రకారం ఉంటాయి. వాటిని ఇప్పటి జి.పి.ఎస్. అంకెలుగా చదివితే పొలం కొన్ని వందల మీటర్లు జరిగిపోతుంది. కొన్ని వందల మీటర్లంటే మా ఊరి చేలలో రెండు మూడు కుటుంబాల ఆస్తి.

పోస్ట్‌జిస్ వాళ్లు ఈ లోటు గమనించి పాఠానికి ముందు 'ఎస్.ఆర్.ఐ.డి.=4326;' లాంటి ముక్క చేర్చే వీలు ఇచ్చారు. అది అందరూ ఒప్పుకున్న ప్రమాణం కాదు, కొన్ని ప్రోగ్రాములు దాన్ని చూసి తిరస్కరిస్తాయి. అయినా నేను రాస్తాను. జియోజేసన్ మరో దారి పట్టింది. 2008 నాటి మొదటి రూపంలో కొలమానం పేరు చెప్పే వీలు ఉండేది. 2016 నాటి నియమావళి దాన్ని తీసేసి, అందరూ జి.పి.ఎస్. వాడే డబ్ల్యూ.జి.ఎస్. 84లోనే రాయాలంది. ఈ నిర్ణయాన్ని తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను సమర్థిస్తాను. అందరికీ తెలిసిన ఒక్క నియమం ఉంటే, తూర్పుతో మొదలయ్యే చెక్కుబందీ లాగా, ప్రతిసారీ చెప్పనవసరం లేదు.

చేత్తో స్ట్రింగులు అతికించడం గురించి ఎక్కువ చెప్పను: చేయకండి. కంప్యూటర్ భాష జర్మన్‌కో ఫ్రెంచికో మార్చి ఉంటే దశాంశ బిందువు కామాగా మారి, రెండు అంకెలు నాలుగవుతాయి. వలయం మూయడానికి మొదటి బిందువును చివర మళ్లీ రాయడం మరచిపోతారు. రెండు పాఠాలు ఒకేలా ఉన్నాయా అని పోల్చి ఆకారాలు ఒకటేనా అని తేల్చడం కూడా వద్దు. నాలుగు మూలల చెరువును ఏ మూల నుంచైనా, ఏ దిశలోనైనా మొదలుపెట్టవచ్చు కాబట్టి ఒకే చెరువుకు 8 పాఠాలు ఉంటాయి. ఈ పనులకు ముందే రాసిపెట్టిన కోడు లైబ్రరీలు ఉన్నాయి.

ఇంత చెప్పాక కూడా ఒక విషయంలో నాకు స్థిమితం లేదు. తాతగారి కాగితంలో 'తూర్పు పంట కాలువ' అని ఉంది. కాలువ గట్టు కోసుకుపోయి రెండు గజాలు జరిగితే, ఆ మాట కూడా దానితో పాటు జరుగుతుంది. నా అంకెలు జరగవు. కొల్లేరు అభయారణ్యాన్ని 1999లో ప్రకటించినప్పుడు హద్దుగా చెప్పింది ప్లస్ 5 అడుగుల కాంటూరు, అంటే సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తున్న చోట్లను కలిపే గీత. అది కూడా మాటల్లో చెప్పిన ఆకారమే. నీటి స్వభావాన్ని బట్టి గీసిన గీత. ఆ గీత నేల మీద సరిగ్గా ఎక్కడ పడుతుందన్న దాని చుట్టూ ఆ చుట్టుపక్కల ఊళ్లు ఏళ్ల తరబడి తగవు పడ్డాయి. మాటలు ఆకారానికి కారణం చెబుతాయి. అంకెలు స్థానం చెబుతాయి. ఒకటి ఉంటే రెండోది అక్కరలేదని అనుకునే ధైర్యం నాకు లేదు.

కిందటి సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు నాన్నతో కలిసి ఆ పొలం గట్ల మీద తిరిగాను. ప్రతి మూలలో ఫోను పట్టుకుని రెండు నిమిషాలు నిలబడ్డాను. ఏడు బిందువులు వచ్చాయి, ఎందుకంటే కాలువ వైపు గట్టు వంపు తిరిగి ఉంది. రాత్రి దాన్ని డబ్ల్యూ.కె.టి.గా రాశాను: రేఖాంశం ముందు, ఐదు దశాంశాలు, ముందు కొలమానం పేరు, కింద తేదీ, ఫోనుతో కొలిచినట్టు ఒక వాక్యం. కాగితం మీద అచ్చు తీసి, తాతగారి దస్తావేజు ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టమని నాన్నకు ఇచ్చాను.

నాన్న కళ్లజోడు పెట్టుకుని ఆ వరుసను మొదటి నుంచి చివరి దాకా చదివారు. తర్వాత అడిగారు: "ఇందులో కాలువ ఏదమ్మా?"

రెండో బిందువు నుంచి ఐదో బిందువు దాకా అని చూపించాను. నాన్న జేబులో నుంచి పెన్ను తీసి, ఆ నాలుగు బిందువుల కింద గీత గీసి, 'పంట కాలువ' అని రాశారు. తర్వాత కాగితాన్ని మళ్లీ నా వైపు జరిపి, మిగతా మూడు వైపులా ఏవో చెప్పమన్నారు.